ప్రీమియర్ లీగ్ టికెట్ దొరకనప్పుడు చిన్న క్లబ్బుల మ్యాచ్‌కి వెళ్ళవచ్చా?

మీరు అడిగింది ఇది: లీడ్స్‌లో చదువుకుంటున్న మీకూ మీ మిత్రులకూ ప్రీమియర్ లీగ్ టికెట్లు దొరకలేదు; ఎవరో "నాన్-లీగ్ మ్యాచ్‌కి వెళ్ళండి, గ్రౌండ్‌హాపింగ్ చేయండి" అన్నారు; దానికోసం ఒక శనివారమంతా ఖర్చు పెట్టవచ్చా అని. నిస్సందేహంగా పెట్టవచ్చు. అయితే పెద్ద మ్యాచ్ దొరకలేదు కాబట్టి చిన్నదానితో సరిపెట్టుకుందామన్న మనసుతో మాత్రం వెళ్ళకండి. అలా వెళ్ళి నేను ఒకసారి చేతులు ఊపుకుంటూ తిరిగి వచ్చాను. రెండోసారి వెళ్ళిన రోజును మా మిత్రులం ఇప్పటికీ కలిసినప్పుడల్లా చెప్పుకుంటాము. ఆ రెండో రోజు గురించే ఎక్కువగా రాస్తాను.

ముందు మాటల సంగతి తేల్చుకుందాం. నాన్-లీగ్ అంటే పాయింట్లూ పట్టికలూ లేని సరదా ఆట అని మాలో ఒకడు చాలాకాలం అనుకున్నాడు. అది పొరపాటు. ఇక్కడ "లీగ్" అంటే 1888లో మొదలైన ఫుట్‌బాల్ లీగ్. ఇప్పటి ప్రీమియర్ లీగ్ 1992లో దాని నుంచి విడిపోయినదే. ఈ రెండింటిలోనూ కలిపి నాలుగు అంతస్తులు, 20, 24, 24, 24 చొప్పున 92 క్లబ్బులు ఉంటాయి. అయిదో అంతస్తు మొదలుకొని దిగువన ఉన్నదంతా నాన్-లీగే. అక్కడ కూడా లీగులున్నాయి, పైకి ఎక్కడమూ కిందికి జారడమూ ఉన్నాయి. కాగితం మీద చూస్తే ఊరి చివర పొలం పక్కన ఆడే జట్టు కూడా ఏటా ఒక్కో మెట్టు ఎక్కుతూ ప్రీమియర్ లీగ్ దాకా పోవచ్చు. జట్లు అంత దూరం పోవడం అరుదు గానీ ఆటగాళ్ళు పోయారు. షెఫీల్డ్‌లో పుట్టిన జేమీ వార్డీని పదహారేళ్ళ వయసులో అక్కడి పెద్ద క్లబ్బు వద్దనుకుంటే, పక్కనే ఉన్న స్టాక్స్‌బ్రిడ్జ్ పార్క్ స్టీల్స్ అనే చిన్న క్లబ్బులో వారానికి 30 పౌండ్లకు ఆడుతూ, ఫ్యాక్టరీలో పనిచేసుకుంటూ గడిపాడు. 2016లో లెస్టర్ సిటీ తరఫున ప్రీమియర్ లీగ్ గెలిచాడు.

ఇక గ్రౌండ్‌హాపింగ్. మన పెద్దవాళ్ళలో కొందరు నూట ఎనిమిది దివ్యదేశాల జాబితా పెట్టుకుని ఒక్కొక్కటే దర్శించుకుంటూ వస్తారు కదా, దాదాపు అదే నిష్ఠతో ఇక్కడ కొందరు ఫుట్‌బాల్ మైదానాలు చుట్టి వస్తారు. పై 92 క్లబ్బుల మైదానాలలోనూ మ్యాచ్ చూసినవారికి "92 క్లబ్" అనే సంఘం ఉంది. అంతటితో ఆగనివారు నాన్-లీగ్‌లోకి దిగుతారు. దానికి ఇక అంతులేదు. వీళ్ళకు ఎవరి మడి వాళ్ళది. ఖాళీ మైదానం చూసి వస్తే లెక్కలోకి రాదన్నది అందరూ ఒప్పుకునే మాట. మ్యాచ్ పూర్తిగా చూస్తేనే లెక్క అనేవారున్నారు, గోలు పడకపోతే మళ్ళీ రావలసిందే అనేవారున్నారు, అచ్చు ప్రోగ్రామ్ పుస్తకం చేతికి రాకపోతే ఆ మైదానాన్ని చూసినట్టే కాదనేవారూ ఉన్నారు.

మొదటిసారి ఏం జరిగిందో క్లుప్తంగా చెబుతాను. జనవరి నెల, రెండు రైళ్ళు మారి ఒక చిన్న ఊరికి వెళ్ళాము. గేటుకు తాళం, దానిమీద చేతిరాతతో ఒక కాగితం. రాత్రంతా వాన పడి నేల బురదయిందని, ఉదయమే రిఫరీ చూసి మ్యాచ్ ఆపివేశాడని అందులో ఉంది. క్లబ్బువాళ్ళు ఆ సంగతి పొద్దున్నే తమ పేజీలో పెట్టారు, చూసుకోనిది మేమే. కాబట్టి నవంబరు నుంచి మార్చి వరకు ఇల్లు కదిలే ముందు ఒకసారి, రైలు ఎక్కే ముందు ఇంకోసారి క్లబ్బు పేజీ చూసుకోండి.

రెండోసారి, 2023 అక్టోబరులో, మాతో మా ఆఫీసులో అకౌంట్స్ చూసే పెద్దాయన వచ్చారు. యార్క్‌షైర్ మనిషి, నాలుగు వందలకు పైగా మైదానాలు చూసినవారు, వాటన్నిటినీ ఒక నల్ల అట్ట పుస్తకంలో పెన్సిలుతో రాసుకున్నవారు. మేము ముగ్గురం: నాది హైదరాబాదు, మిగతా ఇద్దరిలో ఒకడిది గుంటూరు, ఒకడిది హనుమకొండ. ఎక్కడికి వెళదామని అడిగితే ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "షెఫీల్డ్" అన్నారు. ఆ మాట ఎందుకన్నారో అక్కడికి వెళ్ళాక తెలిసిందనుకున్నాము. ప్రపంచంలో ఇప్పటికీ ఆడుతున్న ఫుట్‌బాల్ క్లబ్బులలో అన్నిటికంటే పాతది, 1857లో పుట్టిన షెఫీల్డ్ ఎఫ్‌సి, నాన్-లీగ్‌లోనే ఉంది. అన్నిటికంటే పాత మైదానంగా గిన్నిస్ గుర్తించిన సాండీగేట్ కూడా ఆ నగరంలోనే, ఒక నాన్-లీగ్ క్లబ్బు చేతిలో ఉంది.

ముందుగా షెఫీల్డ్ స్టేషన్ నుంచి పది నిమిషాల రైలు ప్రయాణంలో డ్రాన్‌ఫీల్డ్‌కు వెళ్ళాము. షెఫీల్డ్ పేరు పెట్టుకున్న క్లబ్బు నగరం దాటి, డర్బీషైర్‌లోకి వచ్చి, కోచ్ అండ్ హార్సెస్ అనే పబ్బు పక్కన ఆడుకుంటోంది. 2004లో ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా ఇచ్చే ఆర్డర్ ఆఫ్ మెరిట్ అనే గౌరవం అందుకున్న క్లబ్బులు రెండే. ఒకటి రియల్ మాడ్రిడ్, ఇంకొకటి ఇది. ఈ క్లబ్బు తన తొలినాటి నియమావళి చేతిరాత ప్రతిని, ఇతర పాత పత్రాలతో కలిపి, 2011లో వేలం వేస్తే 8,81,250 పౌండ్లు వచ్చాయి. ఆ రోజు అక్కడ మ్యాచ్ లేదు. మేము గేటు సందులోంచి గడ్డినీ గోల్ పోస్టులనూ చూస్తుంటే, పెద్దాయన మాత్రం వీపు తిప్పుకుని నిలబడ్డారు. ఆయనకు ఆ మైదానం లెక్కలో ఎప్పుడో చేరింది. ఖాళీగా ఉన్నప్పుడు చూడటం ఆయన దృష్టిలో దేవుడు లేని గుడికి ప్రదక్షిణ చేయడం లాంటిది.

సాండీగేట్ నగరానికి పడమటి పక్క, క్రాస్‌పూల్ అనే గుట్ట మీది పేటలో ఉంది. షెఫీల్డ్ అంతా ఎత్తుపల్లాలే కాబట్టి బస్సులోనే వెళ్ళండి. నడుద్దామని పట్టుబట్టిన మా హనుమకొండవాడు సగం దారిలోనే మాట మార్చాడు. 1804లో ఇక్కడ క్రికెట్ మొదలైంది, 1860లో హాలమ్ ఎఫ్‌సి పుట్టింది. ఆ ఏడాది క్రిస్మస్ మరునాడు మంచు పరుచుకున్న ఈ నేలమీదే హాలమ్, షెఫీల్డ్ జట్లు తలపడగా షెఫీల్డ్ 2-0తో గెలిచింది. రెండు క్లబ్బుల మధ్య ఫుట్‌బాల్ మ్యాచ్ అనేది అప్పటికి కొత్త సంగతి. ఈ రోజు మనం చూసే కార్నర్ కిక్ (మైదానం మూల నుంచి బంతిని కొట్టడం) లాంటివి ఈ నగరపు సొంత నియమాల నుంచే వచ్చాయి. ఇంత చరిత్ర ఉన్న చోట గేటు దగ్గర రాతి ద్వారాలు, గాజు పెట్టెలు ఉంటాయని నేను ఊహించుకున్నాను. ఉన్నది ఒక ఇరుకు టర్న్‌స్టైలు (ఒక్కొక్కరినే లోపలికి వదిలే తిరుగుడు గేటు), దాని వెనక ఉన్ని టోపీ పెట్టుకున్న ఒకాయన, ఆయన ముందు చిల్లర డబ్బా. తలకు ఏడెనిమిది పౌండ్లు అయింది. ఆయనకు జీతం లేదు; లోపల టీ పోసినామె, లాటరీ చీటీలు అమ్మిన కుర్రాడు, గడ్డి చూసుకునేవారు చాలావరకు అలా ఊరికే చేసేవాళ్ళేనని పెద్దాయన చెప్పారు. అప్పటికి హాలమ్ ఆడుతున్నది తొమ్మిదో అంతస్తులో. అయినా కొన్ని వందలమంది వచ్చారు.

ఆ మైదానం వాలుగా ఉంటుంది. టీవీలో ఫుట్‌బాల్ చూసి పెరిగినవాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. ఒక జట్టు ఎగువకు, ఒక జట్టు దిగువకు ఆడుతుంది, విరామం తరువాత పక్కలు మారతాయి కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరు. మేము కార్నర్ జెండాకు మూడు బారల దూరంలో, నడుమెత్తు కటకటాలకు ఆనుకుని నిలబడ్డాము. కార్నర్ కొట్టడానికి పెట్టిన బంతి రెండుసార్లు తనంతట తాను దొర్లిపోయింది. మూడోసారి ఆ ఆటగాడు బూటు మడమతో గడ్డిలో చిన్న గుంట చేసి, అందులో బంతిని కూర్చోబెట్టి, మా వైపు చూసి "ప్రతి వారం ఇదే గోల" అన్నట్టు నవ్వి కొట్టాడు. అంత దగ్గర నుంచి చూస్తే ఆట వేరుగా ఉంటుంది. బంతి తలకు తగిలినప్పటి చప్పుడు, వెనక నుంచి ప్రత్యర్థి వస్తున్నాడని తోటివాళ్ళు వేసే "మ్యాన్ ఆన్" కేక, తన రక్షణ వరుసను గోల్‌కీపర్ తిట్టే తిట్లు, అన్నీ వినిపిస్తాయి. పక్కనే నిలబడిన ఒక ముసలాయన లైన్స్‌మన్‌కు తన కళ్ళజోడు ఇవ్వజూపితే, ఆ లైన్స్‌మన్ తల తిప్పకుండానే "అది పెట్టుకుని కూడా మీకు కనబడేది ఇంతేనా?" అని జవాబిచ్చాడు.

ఆ ముసలాయనే మమ్మల్ని ఎక్కడివాళ్ళని అడిగి, ఇండియాలో ఫుట్‌బాల్ ఆడతారా అని ఆశ్చర్యపోయారు. ఇక నేను ఊరుకోలేదు. 1948 జులై 31న లండన్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఇల్‌ఫర్డ్‌లో, ఇలాంటి చిన్న మైదానంలోనే, చాలామంది బూట్లు లేకుండా ఫ్రాన్స్‌తో ఆడి, రెండు పెనాల్టీలు పోగొట్టుకుని 2-1తో ఓడిందని చెప్పాను. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మనల్ని నాలుగో స్థానం దాకా తీసుకువెళ్ళిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మా హైదరాబాదువారేనని కూడా చెప్పాను. రహీం పేరు ఆయనకు తెలియదు. కానీ ఉత్త కాళ్ళ సంగతి మాత్రం ఆయన చిన్నప్పుడు వాళ్ళ నాన్న నోట విన్నారట.

విరామంలో రెండు సంగతులు జరిగాయి. మొదటిది, హాలమ్ అభిమానులలో చాలామంది ఒక గోల్ పోస్టు వెనక నుంచి ఇంకొక గోల్ పోస్టు వెనకకు నడిచి వెళ్ళిపోయారు. తమ జట్టు ఏ వైపు దాడి చేస్తే ఆ వైపు నిలబడటం వాళ్ళ పద్ధతి. ఎదుటి జట్టు అభిమానులు వాళ్ళకు ఎదురు నడుస్తూ పలకరించుకుంటూ పోయారు. మధ్యలో పోలీసు లేడు, కంచె లేదు. అక్కడ బీరు గ్లాసు చేత్తో పట్టుకుని కూడా ఆట చూడవచ్చు. పై అయిదు అంతస్తులలో, మైదానం కనబడే చోట మద్యం తాగకూడదని 1985 నాటి చట్టం ఉంది; దిగువన అది వర్తించదు.

రెండోది "పై" (pie), అంటే పిండి పొరలో కూర పెట్టి కాల్చిన తినుబండారం. మాంసం తినని హనుమకొండవాడికి చీజ్, ఉల్లిపాయ పెట్టినది, మిగతావాళ్ళకు మాంసంది, పక్కన ముద్దగా ఉడికించిన బఠానీలు. టీ పోసినామె ఒక నారింజరంగు చీటీ ఉన్న సీసా మా ముందుకు తోసి, ఇది వేసుకోకుండా తింటే షెఫీల్డ్‌లో నేరమని చెప్పింది. అది హెండర్సన్స్ రెలిష్, 1885 నుంచి ఆ నగరంలోనే తయారవుతున్న నల్లటి పలుచని పులుసు. గుంటూరు మిత్రుడు వేలితో ఒక చుక్క నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, "ఒరేయ్, చింతపండురా ఇది!" అన్నాడు. మేము నమ్మలేదు. సీసా తిప్పి చదివితే నిజంగానే ఉంది: చింతపండు, వెల్లుల్లి నూనె, లవంగం, మిరప. ఆ తరువాత వాడు పై తిన్నాడనడం కంటే, పై వంకతో రెలిష్ తాగాడనడం సబబు. తిరుగు ప్రయాణంలో రెండు సీసాలు కొన్నాడు, ఇప్పటికీ ఉప్మాలో వేసుకుంటాడు. నాకు ఆ కలయిక నచ్చలేదు గానీ వాడితో వాదించడం మానేశాను.

ఆట నాణ్యత గురించి మీరు తప్పక అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. పాసులు తప్పుతాయి, బంతి ఎక్కువసేపు గాలిలో ఉంటుంది, చివరి ఇరవై నిమిషాలలో కాళ్ళు బరువెక్కడం కళ్ళకు కనబడుతుంది. కానీ వారమంతా వేరే పని చేసుకుని వచ్చినవాళ్ళు అంత వేగంగా పరుగెత్తడాన్ని నాలుగు అడుగుల దూరం నుంచి చూశాక, టీవీ ముందు కూర్చుని "వీడు పరుగెత్తడం లేదు" అనడం నేను తగ్గించాను. మొదటి సగంలో గోలు పడలేదు. పెద్దాయన బయటికి ఏమీ అనలేదు గానీ పెన్సిలు నమలడం మొదలుపెట్టారు. రెండో సగంలో గోలు పడగానే, అది ఎవరు కొట్టారో కూడా చూడకుండా పుస్తకం తెరిచి రాసుకున్నారు. ఆయన సాండీగేట్‌కు అంతకుముందు ఒకసారి వచ్చారట, అప్పుడు 0-0 అట. అందుకే "షెఫీల్డ్" అని అంత త్వరగా అన్నారని అప్పటికి గానీ మాకు అర్థం కాలేదు.

మీ విషయానికి వస్తే, లీడ్స్ నుంచి షెఫీల్డ్‌కు రైలులో సుమారు గంట. మ్యాచ్‌లు ఎక్కువగా శనివారం మధ్యాహ్నం 3 గంటలకే ఉంటాయి. ఆ సమయంలో, 2:45 నుంచి 5:15 వరకు, బ్రిటన్‌లో టీవీలో ప్రత్యక్ష ఫుట్‌బాల్ చూపకూడదన్న నిబంధన 1960ల నుంచి ఉన్నది ఇలాంటి క్లబ్బుల గేటు రాబడి కోసమే. జాతీయ జట్ల మ్యాచ్‌ల కోసం ప్రీమియర్ లీగ్ ఆగిన శనివారాలలో ఒకదానిని 2010 నుంచి "నాన్-లీగ్ డే"గా జరుపుతున్నారు. ఆ రోజు కొన్ని క్లబ్బులు టికెట్ ధర తగ్గిస్తాయి. టికెట్ ముందుగా కొనవలసిన అవసరం సాధారణంగా ఉండదు. విద్యార్థి కార్డు వెంట ఉంచుకోండి, కొన్ని చోట్ల తగ్గింపు ఉంటుంది. వెచ్చటి సాక్సులు వేసుకోండి, గుట్ట మీద గాలి ఊరుకోదు. పై కావాలంటే మాత్రం విరామానికి అయిదు నిమిషాల ముందే వరుసలో నిలబడండి. మేము ఈల వేశాక వెళ్ళి నిలబడితే, మా ముగ్గురి వంతు అయ్యేసరికి పెద్దాయనకు బఠానీలు మాత్రమే మిగిలాయి.