అబ్బాయి ఇన్‌ఫాంట్రీ అంటున్నాడు, నాన్న ఈఎంఈ అంటున్నారు

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈలో బీటెక్ చేసి, సీడీఎస్ (సైన్యంలో ఆఫీసర్ల ఎంపిక పరీక్ష) రాసి డెహ్రాడూన్ ఐఎంఏలో (ఇండియన్ మిలిటరీ అకాడమీ) చేరాడు. ఇప్పుడు చివరి టర్మ్. ఏ విభాగం కావాలో ఛాయిస్‌లు రాసి ఇమ్మన్నారట. వాడు ఇన్‌ఫాంట్రీయే (పదాతి దళం) మొదట పెడతానంటున్నాడు. మా వారేమో ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజినీర్స్) పెట్టమంటున్నారు. చదివిన చదువు పనికొస్తుంది, సికింద్రాబాద్‌లో కళ్ల ముందుంటాడని ఆయన ఆశ. ఫోన్ చేసినప్పుడల్లా ఇదే గొడవ. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు సికింద్రాబాద్ సంగతి తేల్చేద్దాం. ఈఎంఈ వాళ్ల కాలేజీ, శిక్షణ కేంద్రం అక్కడున్న మాట నిజమే. మీ వాడు కోర్సులకు అక్కడికి వస్తాడు కూడా. కానీ ఈఎంఈ పని ట్యాంకులు, ఫిరంగులు, బండ్లు, రాడార్లు ఆగిపోకుండా చూడడం. అవి ఎక్కడుంటే వీళ్లూ అక్కడే. లద్దాఖ్ అయినా, రాజస్థాన్ ఎడారి అయినా తప్పదు. ఆ మాటకొస్తే ఫిరంగి దళమైన ఆర్టిలరీ సెంటర్ కూడా హైదరాబాద్‌లోనే ఉంది. సెంటర్ ఉన్న ఊరిని చూసి విభాగాన్ని ఎంచుకోకూడదు.

ఇంకో విషయం. వాడు రాసిచ్చిందే ఖాయం కాదు. శిక్షణలో వచ్చిన మెరిట్, ఆ బ్యాచ్‌కు ఏ విభాగంలో ఎన్ని ఖాళీలున్నాయన్నది, ఇవి కూడా చూస్తారు. తండ్రి పనిచేసిన రెజిమెంట్ కోరుకునే పిల్లలకు పేరెంటల్ క్లెయిమ్ అని వేరే వీలుంటుంది, అది మీకు వర్తించదు. కాబట్టి మొదటి ఛాయిస్ ఒక్కదాని గురించే కొట్లాడుకోకండి. రెండోది, మూడోది వచ్చినా వాడు సంతోషంగా వెళ్లగలడా? అదీ ముఖ్యమే.

ఇక చదువు వృథా అవుతుందన్న బెంగ. ఈసీఈ చదివినవాడికి దగ్గరగా ఉండేవి సైన్యంలో కమ్యూనికేషన్ చూసే సిగ్నల్స్, ఈఎంఈ. అయితే సిగ్నల్స్ ఆఫీసర్ అంటే ల్యాబ్‌లో కూర్చునే ఇంజినీర్ కాదు. జవాన్లను వెంటబెట్టుకుని కొండల మీద కమ్యూనికేషన్ నిలబెట్టాలి, నెట్‌వర్క్ తెగితే అర్ధరాత్రైనా లేచి బాగు చేయించాలి. చదువు ఉపయోగపడుతుంది కానీ రోజులో ఎక్కువ భాగం మనుషులతోనే గడుస్తుంది. ఆర్మీలో ఏ విభాగానికి వెళ్లినా అంతే. టెక్నాలజీ మీద నిజంగా ప్రేమ ఉంటే మాత్రం ఈ రెండూ, ఇంజినీర్స్ విభాగం వాడికి చాలా మంచి చోట్లు. సర్వీసులో ఉండగానే ఎంటెక్‌కు పంపే అవకాశాలు కూడా ఉంటాయి.

ఇన్‌ఫాంట్రీలో జీవితం వేరు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రాడు బెటాలియన్‌లో అడుగుపెడతాడు. వాళ్లు దాన్ని పల్టన్ అంటారు. తనకంటే పదిహేనేళ్లు పెద్దవాడైన సుబేదార్ సాబ్ దగ్గర పని నేర్చుకుంటూనే ఆయనకు ఆఫీసర్‌గా ఉండాలి. జవాన్ల భాష నేర్చుకోవాలి, వాళ్ల పండుగ తన పండుగ కావాలి. సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు గుర్తున్నారు కదా. తెలుగువాడు, కానీ ఆయన పల్టన్ 16 బిహార్, అంటే బిహార్ రెజిమెంట్‌లో 16వ బెటాలియన్. 2020 జూన్‌లో గల్వాన్‌లో ప్రాణాలిచ్చింది ఆ బెటాలియన్‌కు కమాండర్‌గానే. ఆ బంధం వేరే ఉద్యోగంలో దొరకదు. దానికోసమే చాలామంది పిల్లలు ఇన్‌ఫాంట్రీ కోరుకుంటారు. మీ వాడి మనసులో ఉన్నది అదే అయితే ఆ కోరికను చిన్నచూపు చూడొద్దని మీ వారికి నా మాటగా చెప్పండి.

అమ్మగా మీ భయం నాకు అర్థమవుతోంది. ఇన్‌ఫాంట్రీలో ప్రమాదం ఎక్కువే. అది దాచి మీకు ధైర్యం చెప్పలేను. అలాగని మిగతావాటిలో అస్సలు లేదనుకోవడమూ తప్పే. సరఫరా, మరమ్మతుల వంటివి చూసే విభాగాల్లో (వీటిని సర్వీసులంటారు) చేరిన కొత్త ఆఫీసర్లను కూడా కొంతకాలం ఇన్‌ఫాంట్రీ బెటాలియన్‌కు అటాచ్‌మెంట్ మీద పంపడం ఉంది.

ప్రమోషన్ల గురించి మీ వారు అడుగుతారు. రెండేళ్లకు కెప్టెన్, ఆరేళ్లకు మేజర్, పదమూడేళ్లకు లెఫ్టినెంట్ కల్నల్. ఇంతవరకు అన్ని విభాగాలకూ ఒకటే లెక్క, జీతం స్కేలూ ఒకటే. కల్నల్ దగ్గర నుంచి సెలెక్షన్ బోర్డు. అక్కడ ఖాళీలు విభాగాన్ని బట్టి మారతాయి. ఇన్‌ఫాంట్రీ, ఆర్టిలరీలకు ఎక్కువ వాటా వచ్చే పద్ధతి మీద మిగతావాళ్లు కోర్టుకు వెళ్తే, 2016లో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని సమర్థించింది. అలాగని వేరే విభాగంవాళ్లు పైకి రారని కాదు. 2022లో ఆర్మీ చీఫ్ అయిన జనరల్ మనోజ్ పాండే ఇంజినీర్స్ ఆఫీసర్. ఎప్పుడో పదిహేనేళ్ల తర్వాత వచ్చే బోర్డు కోసం ఇప్పుడు ఇష్టం లేని చోట చేరడం నాకు సరైన పనిగా అనిపించదు.

ఈసారి ఫోన్ చేసినప్పుడు ‘ఎందుకురా ఇన్‌ఫాంట్రీ’ అని అడగకండి, టెన్షన్ పడి వాదనకు దిగుతాడు. క్యాంపుల్లో ఏ రోజు బాగా నచ్చిందో చెప్పమనండి. బరువు మోస్తూ రాత్రంతా నడిచి, వెనకబడ్డవాణ్ని లాక్కొచ్చిన రోజు గురించి ఉత్సాహంగా చెబితే వాడి మాట వినండి. రేడియో సెట్ పాడైతే విప్పి బాగుచేసిన సంగతి పదే పదే చెబితే సిగ్నల్స్, ఈఎంఈ గురించి వాడినే మళ్లీ ఆలోచించమనండి. తోటివాళ్లంతా రాస్తున్నారనో, తనకిష్టమైన ఇన్‌స్ట్రక్టర్ ఇన్‌ఫాంట్రీ వాడనో రాస్తున్నాడేమో కూడా కనుక్కోండి. ఈ వయసులో అది సహజం. ఐఎంఏలో ప్రతి ఇన్‌స్ట్రక్టరూ తన విభాగమే గొప్పదంటారు, అది వాళ్ల అభిమానం. అందుకే రెండు మూడేళ్ల క్రితం పాసవుట్ అయిన సీనియర్లతో, ఒక ఇన్‌ఫాంట్రీ కెప్టెన్‌తో, ఒక ఈఎంఈ కెప్టెన్‌తో మాట్లాడమనండి. నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా ఏం చేశారో అడిగి తెలుసుకోమనండి.

ఆ తర్వాత కూడా ఇన్‌ఫాంట్రీయే అంటే రాయనివ్వండి. రెండో స్థానంలో సిగ్నల్స్ గానీ ఈఎంఈ గానీ పెట్టమని మీ వారు అడగడంలో తప్పేమీ లేదు, దానికి వాడూ ఒప్పుకుంటాడనే అనుకుంటున్నాను.