చల్క భూమిలో చింత తోట: మొక్క ఎంపిక, పండు నిల్వ

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గరి ఊరు. గట్టు మీద నాలుగు పాత చింత చెట్లున్నాయి. ఏటా కాయ పచ్చిగా ఉండగానే బేరగాడికి గుత్తకు ఇస్తున్నాం. ఇంటికి దాచుకున్న పండు వానాకాలం వచ్చేసరికి నల్లబడుతోంది. పత్తి సరిగా రాని రెండెకరాల చల్క ఉంది, బోరులో నీళ్లు తక్కువ. అందులో చింత తోట పెట్టవచ్చా?
– ఒక రైతు, వరంగల్ జిల్లా

జవాబు: పెట్టవచ్చు. వర్షాధారపు చల్క నేలల్లో, పెద్దగా నీరు అడగకుండా బతికే పండ్ల చెట్లలో చింత ముందుంటుంది; నీరు నిలిచే నల్లరేగడి మాత్రం దీనికి పనికిరాదు. అయితే మొక్క ఎంపికలో పొరబడితే దాని ఫలితం తెలిసేసరికి పదేళ్లు గడిచిపోతాయి. గింజ మొలకలతో పెంచిన చెట్టు కాపుకు రావడానికి ఎనిమిది నుంచి పదేళ్లు పడుతుంది. పైగా చింతలో పరపరాగ సంపర్కం (ఒక చెట్టు పుప్పొడి మరో చెట్టు పూలకు చేరడం) జరుగుతుంది కనుక, మీ గట్టు మీది మంచి చెట్టు గింజనే నాటినా అదే కాయ వస్తుందన్న హామీ లేదు. అంటు మొక్క నాలుగైదేళ్లలో కాపు మొదలుపెడుతుంది, తల్లి చెట్టు గుణాన్ని నిలుపుకుంటుంది. తమిళనాడులోని పెరియకుళం నుంచి వచ్చిన పి.కె.యం-1, అనంతపురం జిల్లా రేకులకుంట పరిశోధన స్థానం నుంచి వచ్చిన తెట్టు అమలిక, గుజ్జు ఎర్రగా ఉండే అనంత రుధిర రకాల అంట్లను ఉద్యాన శాఖ గుర్తింపు ఉన్న నర్సరీలోనే కొనండి.

వేసవిలో మీటరు పొడవు, వెడల్పు, లోతు ఉండేలా గుంతలు తీసి, ఎండనిచ్చి, పై మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపండి. మొక్కల మధ్య, వరుసల మధ్య 10 మీటర్లు వదిలితే ఎకరాకు సుమారు 40 మొక్కలు పడతాయి. తొలకరి వానలు పడ్డాక, అంటు కట్టిన చోటు నేలకు పైన ఉండేలా నాటి, దాని కింది నుంచి వచ్చే పిలకలను ఎప్పటికప్పుడు తుంచెయ్యాలి. వాటిని వదిలేస్తే అంటు చచ్చి, దాని కిందున్న గింజ మొక్కే చెట్టవుతుంది. మొదటి రెండు వేసవులు నీళ్లు తప్పనిసరి. మీ బోరు స్థితిని బట్టి ఈ ఏడు ఒక ఎకరంతోనే మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. నీడ కమ్మే దాకా నడుమ పెసర, బొబ్బర్లు వేసుకోవచ్చు.

ఇక పాత చెట్ల సంగతి. గుత్తకు ఇస్తే ఒక్క ధరే వస్తుంది. చెట్టు ఇచ్చేవి మాత్రం చాలా. వేసవి చిగురుకు వరంగల్ కూరగాయల మార్కెట్లో మంచి గిరాకీ ఉంటుంది. కానీ పూత ఆ కొత్త కొమ్మల మీదే వస్తుంది కాబట్టి చిగురు కోసం ఒక చెట్టును కేటాయించి, మిగిలినవాటి జోలికి పోకండి. గింజ ముదరని పచ్చికాయ తొక్కుకు పోతుంది. పండు కోతకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సమయం: కాయను వేళ్లతో నొక్కితే పెంకు పటుక్కున పగిలి, లోపలి గుజ్జు పెంకును వదిలి ముడుచుకొని కనిపించాలి. పండేకొద్దీ చింతలో తీపి పెరుగుతుందే గానీ, మామిడిలో లాగా పులుపు తగ్గదు. కనుక పులుపు పోతుందని తొందరపడి కోయనక్కరలేదు. గడలతో బాదితే కొమ్మలు విరిగి వచ్చే ఏటి కాపు దెబ్బతింటుంది.

పండు నల్లబడడానికి కారణం తేమ, వేడి, గాలి. పెంకు, ఈనెలు, గింజలు తీసి, గుజ్జును శుభ్రమైన గుడ్డ మీద మూడు నాలుగు రోజులు ఎండబెట్టి, ఉప్పు కలిపి, జాడీలోనో మందపాటి పాలిథిన్ సంచిలోనో గాలి చొరకుండా అదిమి పెట్టండి. ఇనుప డబ్బా, రేకు డబ్బా వాడకండి. చింతలోని టార్టారిక్ ఆమ్లం ఇనుమును తిని పండును మరింత నలుపు చేస్తుంది. అమ్మకానికి పెద్ద మొత్తం ఉంటే, ఎండిన సరుకును శీతల గిడ్డంగిలో ఉంచితే రంగు నిలుస్తుంది.

కాయల బరువులో దాదాపు 55 శాతం గుజ్జు, 34 శాతం గింజ ఉంటాయి. మిగిలింది పెంకు, ఈనెలు. గింజ పప్పు పొడిని నూలు, జనపనార మిల్లుల్లో దారానికి గంజిగా వాడతారు కనుక గింజలను పారబోయకండి. వాటిని తొలిచే పెంకు పురుగు పల్లికాయకూ శత్రువే. చింతకాయలను, గింజలను బాగా ఎండబెట్టి, విత్తనపు పల్లీ నిల్వ ఉన్న గదికి దూరంగా పెట్టండి.