రిసెప్షన్‌లో విస్కీ రుచుల కౌంటర్: లైసెన్సు ఎవరిది, బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మా చెల్లెలి పెళ్లి రిసెప్షన్‌లో అయిదు రకాల విస్కీలను కొద్దికొద్దిగా రుచి చూపించే కౌంటర్ ఒకటి పెట్టాలనుకుంటున్నాం. సీసాలు మేమే కొంటాం. పోసే పని మా బావమరిది చూసుకుంటానన్నాడు. ఖరీదైన రెండు రకాలకు మాత్రం నామమాత్రంగా టోకెన్ పెడదామని స్నేహితులు అంటున్నారు. దీనికి లైసెన్సు కావాలా? ఇక్కడ తాగి వెళ్లిన అతిథి ఎవరైనా ప్రమాదం చేస్తే మా మీదికి వస్తుందా?

జవాబు: ముందుగా ఆ టోకెన్ ఆలోచన విరమించుకోండి. మద్యం విషయంలో చట్టం మొదట చూసేది అమ్మకం జరిగిందా, ఆతిథ్యంగా ఇచ్చారా అన్నది. మీకు లాభం మిగిలిందా లేదా అన్న దానితో ఆ ప్రశ్నకు సంబంధం ఉండదు. ఉదాహరణకు ఇంగ్లండ్, వేల్స్‌లలో అమలులో ఉన్న 2003 నాటి లైసెన్సింగ్ చట్టం ప్రకారం, ప్రైవేటు వేడుకలో అతిథులకు ఉచితంగా మద్యం ఇవ్వడానికి లైసెన్సు అక్కరలేదు. అదే మద్యం వెలను ప్రవేశ టిక్కెట్టులో కలిపినా అది అమ్మకమే అవుతుంది. అప్పుడు లైసెన్సు లేని వేదికైతే తాత్కాలిక కార్యక్రమ నోటీసు ఇవ్వాలి. దాన్ని సాధారణంగా కనీసం 10 పనిదినాల ముందు దాఖలు చేయాలి, పైగా సిబ్బందితో కలిపి ఒకే సమయంలో 499 మందికి మించి ఉండకూడదు. కౌంటర్ పక్కన ‘ఖర్చులకు తోచినంత’ అని రాసి డబ్బా పెట్టడం, సీసాను లక్కీ డ్రాలో పెట్టి చీటీలు అమ్మడం కూడా క్షేమం కాదు. రెండోదానికైతే మద్యం చట్టంతో పాటు లాటరీ చట్టం కూడా అడ్డు రావచ్చు.

ఉచితంగా ఇస్తున్నాం కాబట్టి ఏ అనుమతీ అవసరం లేదని కూడా అనుకోకండి. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, నివాసం కాని, మద్యం లైసెన్సు లేని హాలులో ఉచితంగా పోసినా ప్రత్యేక సందర్భ అనుమతి తీసుకోవాలి. అందువల్ల మీ వేదిక ఏ అధికార పరిధిలో ఉందో అక్కడి ఆబ్కారీ లేదా లైసెన్సింగ్ కార్యాలయాన్ని, ‘అమ్మకం లేని ప్రైవేటు వేడుక, అద్దె హాలు, బయటి నుంచి తెచ్చిన సీసాలు’ అన్న మూడు వివరాలనూ స్పష్టంగా పేర్కొంటూ రాతపూర్వకంగా అడగండి. ఫోనులో ‘ఫరవాలేదండీ’ అని చెప్పిన ఉద్యోగి రేపు మీ తరఫున సాక్ష్యానికి రాడు.

హాలుకు సొంతంగా బార్ లైసెన్సు ఉంటే పరిస్థితి సులువవుతుందని చాలామంది భావిస్తారు కానీ, తరచుగా అక్కడే చిక్కు వస్తుంది. తమ లైసెన్సు కింద వచ్చిన సరుకు తప్ప మరే మద్యమూ ఆ ఆవరణలో పోయకూడదన్న షరతు వారికి ఉండవచ్చు. మీ సీసాల వల్ల ప్రమాదంలో పడేది వారి లైసెన్సు కనుక వారు ససేమిరా అంటే అందులో అన్యాయమేమీ లేదు. ఒకవేళ ఒప్పుకుంటే, ఎన్ని సీసాలు, ఎవరు పోస్తారు, సీసాకు ఎంత రుసుము అన్నవి హాలు ఒప్పందంలోనే రాయించుకోండి.

ఇక ప్రమాదం సంగతి. ఈ విషయంలో న్యాయస్థానాలన్నీ ఒకే మాట చెప్పలేదు. 1984లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసులో, ఆతిథేయి తన ఇంట్లో మద్యం ఇచ్చి, అతిథిని కారు దాకా సాగనంపి, అతడు బండి నడుపుకుంటూ వెళ్లడం చూశాడు. ఆ కారు మరొకరిని గాయపరిచింది. కనిపించేంత మత్తులో ఉన్న అతిథికి, అతడు వాహనం నడుపుతాడని తెలిసి కూడా మద్యం పోసిన ఆతిథేయి, ఆ నిర్లక్ష్యం వల్ల గాయపడిన మూడో వ్యక్తికి బాధ్యుడు కావచ్చునని కోర్టు తేల్చింది. 2006లో కెనడా సుప్రీంకోర్టు, అతిథులు ఎవరి మద్యం వారే తెచ్చుకున్న విందుకు సంబంధించిన కేసులో, ఆతిథేయులకు రోడ్డు మీద గాయపడిన వారి పట్ల అలాంటి బాధ్యత లేదని చెప్పింది. ఈ రెండో తీర్పు చూసి ధీమా పడవద్దని నా సలహా. ఎందుకంటే మీ కౌంటర్‌లో సీసా మీది, గ్లాసు మీది, పోసే చెయ్యి మీ బావమరిదిది.

అందుకే పోసే పనిని బంధువులకు అప్పగించవద్దంటాను. పెళ్లికొడుకు పెదనాన్నగారు నాలుగోసారి గ్లాసు చాపితే మీ బావమరిది కాదనగలడా? శిక్షణ పొందిన, సొంత బాధ్యతా బీమా ఉన్న సర్వర్‌ను నియమించి, ‘మత్తులో ఉన్నవారికీ వయసు రుజువు చూపనివారికీ నిరాకరించే అధికారం సర్వర్‌కు ఉంది, ఆతిథేయి కుటుంబం ఆ నిర్ణయాన్ని మార్చదు’ అన్న షరతును ఒప్పందంలో చేర్చండి. మీ వైపు నుంచి ఆతిథేయి మద్యం బాధ్యతను కవర్ చేసే వేడుక బీమా దొరికితే తీసుకోండి. పాలసీలోని మినహాయింపుల పేజీని మాత్రం తప్పక చదవండి.

కనీస వయసు అమెరికాలో 21, బ్రిటన్‌లో కొనుగోలుకు 18; మీ వేదిక ఉన్న చోటి పరిమితిని వాకబు చేసి, చేతి పట్టీలు ఇవ్వండి. మైనరుకు పోసిన సందర్భంలో సివిల్ పరిహారంతో పాటు క్రిమినల్ కేసు కూడా ఎదురుకావచ్చు.

కొలత విషయం చిన్నదిగా అనిపిస్తుంది గానీ, వివాదం వచ్చినప్పుడు మీ జాగ్రత్తకు అదే రుజువు. 40 శాతం ఆల్కహాలు ఉన్న విస్కీ అయిదు రకాలను 15 మిల్లీలీటర్ల చొప్పున పోస్తే మొత్తం 75 మిల్లీలీటర్లు, అంటే అందులో 30 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాలు. కొలత లేకుండా చేతి అంచనాతో 30 చొప్పున పడితే అది 60 అవుతుంది. నీరు కలపకుండా పీపా నుంచి నేరుగా నింపిన రకాల్లో 60 శాతం దాకా ఉండేవీ ఉన్నాయి కనుక ఆ సీసా ఉంటే కొలత ఇంకా తగ్గించాలి. సీసాలు సర్వర్ వెనుక ఉండాలి తప్ప అతిథికి అందే బల్ల మీద ఉండకూడదు. మంచినీళ్లు, రుచి చూసి ఉమ్మేయడానికి పాత్ర పక్కనే ఉంచండి. అతిథికొక కార్డు ఇచ్చి రుచి చూసిన రకానికల్లా గుర్తు పెట్టించండి. వేడుక ముగియడానికి గంట ముందే కౌంటర్ మూసి, ఇళ్లకు చేర్చే వాహనాలు ఏర్పాటు చేసి, ఆ సంగతి ఆహ్వానంలోనే తెలపండి.

మిగిలిన సీసాలను స్నేహితులకు కొన్న ధరకే ఇచ్చినా అది లైసెన్సు లేని అమ్మకం కింద రావచ్చు. కాబట్టి తెరవని సీసాలను వెనక్కి తీసుకునే వీలు స్థానిక నిబంధనల్లో ఉందేమో దుకాణంలో ముందే కనుక్కుని, ఉంటే ఆ మాటను బిల్లు మీద రాయించుకోండి.