సింథ్ కొనేముందు

చిన్నా,

నీ మెసేజ్ చూశాను. బ్లూస్ వాయించే మనకి సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ కీబోర్డ్ ఎందుకని మీ డ్రమ్మర్ అలిగాడన్నావు. అలగడా మరి! మిషన్ వస్తే ముందు ఊడేది తన పనే అనుకుంటాడు. కీబోర్డ్ బేరం తర్వాత చూద్దువుగాని, ముందు అతనితో కూర్చుని మాట్లాడు.

నేనుండే హ్యూస్టన్ జెడ్‌జెడ్ టాప్ వాళ్ల ఊరు. 1969లో మొదలైన ఆ బ్యాండ్ చాలా ఏళ్లు అచ్చమైన టెక్సస్ బ్లూస్ వాయించింది. 1981లో 'ఎల్ లోకో' ఆల్బమ్‌లో సింథ్‌ని కాస్త రుచి చూసి, 1983లో 'ఎలిమినేటర్'లో పూర్తిగా దిగారు. అది అమెరికాలోనే కోటికి పైగా అమ్ముడైంది. అందులో 'లెగ్స్' పాట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను. కింద సింథ్ గడియారంలా కొట్టుకుంటూనే ఉంటుంది. పైన బిల్లీ గిబ్బన్స్ గిటార్ మాత్రం పాత గరగరతోనే, తీరిగ్గా సాగుతుంది. నువ్వూ అంతే, పాటని ముందు ఒక్క గిటార్ మీద వాయించి చూడు. నిలబడితేనే సింథ్ జోడించు.

అసలు తంటా టెంపోది. మీది షఫుల్ తాళం, ఊగుతూ నడుస్తుంది. సింథ్‌ని తనంతట తానే వాయించే సీక్వెన్సర్‌కి ఆ ఊపు విడిగా పెట్టకపోతే మిషన్ ఎడ్డెమంటే డ్రమ్మర్ తెడ్డెమంటాడు. నెలరోజులు చెవిలో టక్‌టక్‌మని తాళం కొట్టే క్లిక్ పెట్టుకుని ప్రాక్టీస్ చేయండి. బోర్ కొడుతుంది, తప్పదు.

ఇంగువ ఎక్కువైతే చారు ఏమవుతుందో నీకు తెలుసు. 1985 నాటి 'ఆఫ్టర్‌బర్నర్' కూడా హిట్టే, కానీ నాకు మూడు పాటలకే చెవులు అలిసిపోతాయి. 1987లో వాళ్ల పాత ఆల్బమ్‌లని సీడీల కోసం మళ్లీ మిక్స్ చేసి, డ్రమ్స్‌కి ఆ కాలపు మోత తగిలించారు. అభిమానులు మండిపడ్డారు. వాటిలో ఒకటైన 'ట్రెస్ ఓంబ్రెస్' అసలు మిక్స్ సీడీగా రావడానికి 2006 దాకా పట్టింది. అందుకని మీ పాత పాటల జోలికి పోకండి, కొత్తవాటితో ఏ ప్రయోగమైనా చేసుకోండి.

ఒకసారి మా షోలో పాట మధ్యలో సింథ్ ట్రాక్ వాయించే ల్యాప్‌టాప్ నిద్రపోయింది. ఎవరు ఆపాలో తెలియక నలుగురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ట్రాక్ మొదలుపెట్టే, ఆపే పెడల్ మీ డ్రమ్మర్ కాలికిందే ఉంచు. అలక కూడా సగం తీరుతుంది.

అన్నట్టు, కొత్తది కొనకు. మా గరాజ్‌లో పాత సింథ్ ఒకటి పడి ఉంది. ఒక కీ పలకదు. శనివారం ఆస్టిన్ నుంచి వస్తే తీసుకుపో. అత్తయ్య గోంగూర కూడా చేస్తానంది.

మామయ్య