మొదటిసారి హెడ్‌బ్యాండ్ అల్లేవాళ్ళు ఎన్ని కుట్లు ఎక్కించాలి?

నిట్ కుట్టు మొన్ననే నేర్చుకున్నాను, చలికి చెవులు కప్పే హెడ్‌బ్యాండ్ అల్లగలనా అని అడిగారు. భేషుగ్గా అల్లగలరు. పర్ల్, అంటే నిట్‌కి తిరగేసిన కుట్టు, రాకపోయినా ఫర్వాలేదు.

ముందు సూదుల సంగతి. నేను బోల్తా పడింది అక్కడే. అమెరికా ఆవిడ వీడియోలో 8 నంబర్ సూదులంటే, ఇక్కడ ఊలు కొట్లో 8 నంబరే అడిగి తెచ్చుకున్నాను. వాళ్ళ 8 అంటే 5 మిల్లీమీటర్లు. మన కొట్లలో పాత ఇంగ్లండు నంబర్లు ఇంకా నడుస్తున్నాయి, వాటిలో 8 అంటే 4 మిల్లీమీటర్లే. పైగా వాళ్ళకి నంబర్ పెరిగితే సూది లావు, మనకి పెరిగితే సన్నం! నాలుగంగుళాల వెడల్పు రావాల్సింది మూడు దాటి ఆగిపోయింది, అట్టముక్కలా బిగుసుకుంది కూడా. అది ఇప్పుడు మా అక్క కూతురి బొమ్మ తలకి ఉంది. అందుకే కొట్లో 5 మి.మీ. అని అడగండి, పాత లెక్కలో 6 నంబర్. ఊలు కూడా లేబుల్ మీద 5 మి.మీ. సూది అని ఉన్నదే తీసుకోండి. నాకు 50 గ్రాముల ఉండ సరిపోయింది.

18 కుట్లు ఎక్కించి, ప్రతి వరసా నిట్ చేసుకుంటూ పోండి. వరస మొదట్లో దారం ముందుకి ఉంచి, మొదటి కుట్టుని అల్లకుండా కుడి సూది మీదికి జార్చి, దారం వెనక్కి తీసుకుని మిగతావి అల్లండి. అంచు సన్నటి జడలా వస్తుంది.

పొడవు దగ్గర తొందరపడకండి. చెవుల మీదుగా నా తల చుట్టుకొలత 22 అంగుళాలు. రెండోసారి సరిగ్గా 22 అల్లితే, స్కూటర్ మీద వెళ్తుంటే కనుబొమ్మల మీదికి జారింది. ఈ అల్లిక బాగా సాగుతుంది కాబట్టి రెండంగుళాలు తగ్గించాలి. మూడోది 20 అల్లాను, కదల్లేదు. సూదికి వేలాడుతుండగా కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది, బల్ల మీద పరిచి కొలవండి.

ఆఖర్న రెండు కొసలూ కలిపి కుట్టేస్తే అయిపోయినట్టే. ముందువైపు ముడిలా కావాలంటే ఒక్కో కొసనీ నిలువునా సగానికి మడిచి, ఒకదాని మడతలోకి రెండోదాని సగం దూర్చి, నాలుగు పొరలూ కలిపి కుట్టి తిరగేయండి. చూసినవాళ్ళు ఎంతకి కొన్నావని అడుగుతారు.

ఉతికాక మాత్రం తీగ మీద వేయకండి, నీళ్ళ బరువుకి సాగిపోతుంది. టవల్ మీద పరిచి ఆరబెట్టండి.