వెబ్‌సైట్లు మార్చే ఉద్యోగంతో మా అమ్మాయి వెనకబడిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి కిందటి ఏడాది కంప్యూటర్ సైన్సులో బీటెక్ పూర్తిచేసింది. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో చేరి నాలుగు నెలలైంది. విదేశీ విశ్వవిద్యాలయాల పాత వెబ్‌సైట్లను డ్రూపల్ 7 నుంచి కొత్త వెర్షన్‌కు మార్చడం వాళ్ల పని. ఒకచోట ఉన్నది తీసి ఇంకోచోట పెట్టడమే కదా, ఏఐ వచ్చాక ఈ పని ఉంటుందా అని మాకు భయంగా ఉంది. మా బావమరిది కొడుకు డేటా సైన్స్ కోర్సులో చేరాడు. మేము కూడా అమ్మాయి చేత ఉద్యోగం మాన్పించి, రెండున్నర లక్షల ఫీజు ఉన్న ఏఐ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాం. అమ్మాయికి అంత ఇష్టం లేదు. రెండింటినీ పోల్చి ఏది మేలో చెప్పండి.
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి. వాటిలో కంపెనీ మారుతుంది, సాఫ్ట్‌వేర్ పేరు మారుతుంది, ఊరు మారుతుంది. పిల్లలు చేస్తున్న పని రేపు ఉంటుందో లేదో, బంధువుల పిల్లలు వీళ్లను దాటి వెళ్లిపోతారేమో అన్న దిగులు మాత్రం మారదు. అందువల్ల మీరు కోరిన పోలిక కంటే ముందు ఆ దిగులు గురించే మాట్లాడతాను. మీ అమ్మాయి చేస్తున్నది చిన్నచూపు చూడదగిన పని కాదు, ముందుకు దారి లేని పని అంతకన్నా కాదు. నాలుగు నెలలకే దాన్ని మాన్పించవలసినంత కారణం మీ ఉత్తరమంతా వెతికినా నాకు కనిపించలేదు.

ముందు ఆ పని ఎందుకు పుట్టిందో చూడండి. ఒక విశ్వవిద్యాలయంలో ప్రవేశాల నోటీసు పెట్టాలన్నా, అధ్యాపకుల వివరాలు సరిచేయాలన్నా ప్రతిసారీ ప్రోగ్రామరు కోసం ఎదురుచూడకుండా ఆయా విభాగాల సిబ్బందే చేసుకునే వీలు కల్పించే సాఫ్ట్‌వేర్‌ను కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు. 2001లో వచ్చిన డ్రూపల్, 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్ ఆ కోవలోవే. డ్రూపల్ 7ను 2011 జనవరిలో విడుదల చేశారు. దానికి 2021 నవంబరుతో మద్దతు ఆపేయాలని మొదట అనుకున్నా, చాలా సంస్థలు ఇంకా దాని మీదే ఉండిపోవడంతో గడువును పదేపదే పొడిగించి, చివరకు 2025 జనవరి 5న ముగించారు. ఆ తేదీ తర్వాత అందులో భద్రతా లోపం ఏదైనా బయటపడితే డ్రూపల్ సముదాయం (దాన్ని కలిసి తయారుచేసే ప్రోగ్రామర్లు) నుంచి ఉచితంగా మరమ్మతు అందదు. 2014 అక్టోబరులో అలాంటి ఒక తీవ్రమైన లోపం బయటపడినప్పుడు, దాన్ని సరిదిద్దే కోడ్ వెలువడిన కొన్ని గంటలకే వెబ్‌సైట్ల మీద దాడులు మొదలయ్యాయి. ఆ అనుభవం ఉన్న సంస్థలేవీ పాత వెర్షన్ మీద నిశ్చింతగా కూర్చోలేవు. పైగా 2015 నవంబరులో వచ్చిన డ్రూపల్ 8తో దాని లోపలి నిర్మాణాన్నే సింఫనీ అనే ఫ్రేమ్‌వర్క్ (తయారుగా ఉండే కోడ్ చట్రం) భాగాలతో కొత్తగా కట్టారు కాబట్టి, 7 నుంచి 10కో 11కో వెళ్లడం ఫోన్‌లో యాప్‌ను అప్‌డేట్ చేసుకున్నంత తేలిక కాదు. కొత్త వెబ్‌సైటును మొదటి నుంచి నిర్మించి, పాత డేటాబేసులో ఉన్న ప్రతి అంశాన్నీ చదివి, దాని రూపం మార్చి, కొత్తదానిలో సరైన చోట చేర్చాలి.

ఆ రూపం మార్చడంలోనే అసలు పని ఉంటుంది. ఒక్క తేదీనే తీసుకోండి. పాత వెబ్‌సైటులో సదస్సు వివరాలన్నీ ఒకే పెట్టెలో టైపు చేసి ఉంటాయి, అందులో 02/12/2014 అని ఉంటుంది. రాసింది అమెరికాలో చదువుకున్న గుమాస్తా అయితే అది ఫిబ్రవరి 12; బ్రిటన్ వాళ్లో మనవాళ్లో అయితే డిసెంబరు 2. కొత్త వ్యవస్థలో తేదీకి విడిగా గడి ఉంటుంది, దానికి సందిగ్ధం పనికిరాదు. పక్క వాక్యంలో బుధవారం అని ఉందేమో చూడాలి, ఉంటే ఆ సంవత్సరం ఏ తేదీ బుధవారం అయిందో సరిపోల్చాలి, అదే విభాగం పెట్టిన మిగతా ప్రకటనల తీరు గమనించాలి, ఆ తర్వాత ఒక నియమం నిర్ణయించి కోడ్‌లో రాయాలి. దాన్ని ముందు కొద్దిపాటి రికార్డుల మీద నడిపి, తప్పులు చూసుకుని, వచ్చినదంతా వెనక్కి తీసేసి, నియమం సవరించి మళ్లీ నడపాలి. ఫోన్ నంబర్లకూ, ఒకే మనిషి పేరు మూడు రకాలుగా రాసి ఉన్న చోట్లకూ, ఎవరూ చూడకూడని ఫైళ్లు పొరపాటున అందరికీ తెరుచుకునే ప్రమాదానికీ ఇంతే జాగ్రత్త కావాలి. దీన్ని ఒకచోట నుంచి తీసి ఇంకోచోట పెట్టడం అనడం న్యాయం కాదు.

చిరునామాల సంగతీ ఇలాంటిదే. వెబ్‌సైటు మారినప్పుడు పేజీల చిరునామాలు చాలావరకు మారిపోతాయి. ఒక విద్యార్థి ఉపకార వేతనం పేజీ లింకును దాచుకుని ఉంటాడు, కరపత్రాల్లో మరో లింకు అచ్చయి ఉంటుంది, వేరే సంస్థల పేజీలు ఇంకో లింకును చూపిస్తుంటాయి. ఊరు మారిన కుటుంబం పోస్టాఫీసులో కొత్త చిరునామా రాసిచ్చి వెళ్లినట్లుగా, ప్రతి పాత లింకూ కొత్త పేజీకి దారి చూపేలా పట్టిక తయారుచేసి సర్వరులో పెట్టాలి. ఆ దారిమళ్లింపులను కనీసం ఏడాది పాటు ఉంచమని గూగుల్ కూడా సూచిస్తుంది. బ్రిటన్ ప్రభుత్వం 2012 అక్టోబరులో గవ్.యూకే అనే ఒకే వెబ్‌సైటును ప్రారంభించి, ఆ తర్వాతి రెండేళ్లలో 300కు పైగా ప్రభుత్వ సంస్థల వెబ్‌సైట్లను దానిలోకి తెచ్చినప్పుడు, ఈ పట్టికల కోసమే ప్రత్యేకంగా పరికరాలు తయారుచేసుకుంది. ప్రతి పేజీ దగ్గరా ఇది ఏ పౌరుడి ఏ అవసరం తీరుస్తుందని ప్రశ్నించి, జవాబు లేని పేజీలను వదిలేసి, ఆ పాత లింకులను నేషనల్ ఆర్కైవ్స్ భద్రపరిచిన ప్రతుల వైపు మళ్లించింది. కంటెంట్ డిజైనర్ అనే ఉద్యోగానికి ఈనాడున్న గుర్తింపు చాలావరకు ఆ పనిలోంచే వచ్చింది.

మన దగ్గర కూడా ఈ అవసరం తక్కువేమీ కాదు. తెలంగాణలో 2016 అక్టోబరులో జిల్లాలు 10 నుంచి 31కి పెరిగాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. కొత్త జిల్లా ఏర్పడితే దానికో వెబ్‌సైటు కావాలి, మండలాల సమాచారం పాత జిల్లా నుంచి కొత్తదానికి చేరాలి. జిల్లాల వెబ్‌సైట్ల కోసం నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ఉమ్మడి వేదికను కూడా నిర్మించింది. అయితే మన పాత తెలుగు పత్రాలతో ఒక ప్రత్యేకమైన చిక్కుంది, దాని గురించి కొంచెం వివరంగా చెబుతాను. మన కార్యాలయాల్లోనూ డీటీపీ కేంద్రాల్లోనూ ఏళ్ల తరబడి అను ఫాంట్లలో టైపు చేశారు. ఆ ఫైలులో కంటికి తెలుగు కనిపించినా, లోపల దాగి ఉన్నది ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంకేతాలే. దాన్ని యథాతథంగా కొత్త వెబ్‌సైటులో పెడితే అర్థం లేని గుర్తుల వరస కనిపిస్తుంది, వెతికితే దొరకదు, చూపు లేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని చదవలేదు. యూనికోడ్‌కు, అంటే ప్రతి భాష అక్షరానికీ దాని సొంత సంకేతం ఇచ్చే పద్ధతికి, మార్చే పరికరాలు ఉన్నాయి కానీ, వాటి గుండా వచ్చిన పాఠంలో ఒత్తులు తారుమారు కావడం, గుణింతం తప్పిపోవడం మామూలే. తెలుగు బాగా చదవగలిగి, డేటాను క్రమపద్ధతిలో సరిచేయగలిగిన మనిషి అక్కడ తప్పనిసరిగా ఉండాలి. అలాంటివాళ్లు మనకు చాలినంతమంది లేరు. మీ అమ్మాయి ఇప్పుడు నేర్చుకుంటున్న క్రమశిక్షణ రేపు మన సొంత సమాచారానికి పనికివస్తే నేను ఎంతో సంతోషిస్తాను.

మీ భయంలో సబబైన పాలు కూడా ఉంది, అది దాచను. డ్రూపల్ 7 నుంచి బయటపడే ఈ ఉరవడి ఎల్లకాలం ఉండదు. 9 నుంచి 10కి, 10 నుంచి 11కి మారడం దీనికంటే ఎంతో సులభం. ఒక పేజీలో పాఠాన్ని ఎంచుకుని ఇంకో పేజీలో అతికించడం వరకే పరిమితమైన ఉద్యోగాన్ని యంత్రాలు తప్పకుండా తీసుకుంటాయి, ఇప్పటికే తీసుకుంటున్నాయి. అందుచేత మీరు కంపెనీ పేరునూ దాని పరిమాణాన్నీ పక్కనపెట్టి, ఆ ప్రాజెక్టులో మీ అమ్మాయికి ఏ భాగం అప్పగించారో తెలుసుకోండి. నియమాలు నిర్ణయించే చోట, కోడ్ రాసే చోట, పరీక్షించే చోట ఆమె ఉంటే నేర్చుకున్నదేదీ వృథా కాదు. డ్రూపల్ లాంటి పనికే పెద్ద కంపెనీలు వాడే అడోబీ ఎక్స్‌పీరియన్స్ మేనేజర్‌లో కానీ సైట్‌కోర్‌లో కానీ, ఒక బ్యాంకు తన ఖాతాదారుల డేటాను కొత్త వ్యవస్థకు మార్చుకునేటప్పుడు కానీ ఇవే ప్రశ్నలు ఎదురవుతాయి.

ఇక మీరు ఎంచుకున్న కోర్సు గురించి. డేటా సైన్సు మీదా ఏఐ మీదా నాకు అగౌరవం లేదు. గణితంలో బలం ఉండి, ఎంటెక్ స్థాయి దాకా ఓపికగా చదివేవారికి అది గొప్ప రంగం. నా అనుమానమంతా ఆ పేరు పెట్టి అమ్ముడవుతున్న కొద్ది నెలల కోర్సుల మీదే. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని బోర్డు మీద రాసినవాళ్లను, ఆ మాటను ఫీజు రసీదు మీద కూడా రాసివ్వమని అడిగి చూడండి. సంభావ్యత, లీనియర్ ఆల్జీబ్రా సరిగా రాని విద్యార్థి చేత తయారుగా ఉన్న కోడ్‌ను నడిపించి, అదే నలుగురైదుగురి ప్రాజెక్టును తలా ఒక పేరుతో రెజ్యూమేలో పెట్టించి పంపిస్తే, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న దగ్గరే ఆ సంగతి బయటపడుతుంది. అనుభవం లేనివారిని నేరుగా మోడళ్లు తయారుచేసే పనిలోకి తీసుకునే కంపెనీలు అరుదు. తీసుకున్నా మొదట అప్పగించేది చిందరవందరగా ఉన్న డేటాను శుభ్రం చేయడం: తేదీలు సరిచేయడం, రెండుసార్లు వచ్చిన పేర్లను కలపడం, ఖాళీ గడులకు కారణం కనుక్కోవడం. మీ అమ్మాయి ఆ పనిని ఈరోజు జీతం తీసుకుంటూ, నిజమైన సంస్థల నిజమైన డేటా మీద చేస్తోంది. అదే పనికి దగ్గరగా తీసుకెళ్తామన్నవారికి మీరు రెండున్నర లక్షలు కట్టబోతున్నారు. ఏఐ పరికరాలను వాడడం ఆమె నేర్చుకోవలసిందే, కానీ దానికి ఉద్యోగం మానవలసిన అవసరం లేదు. డేటాను మార్చే కోడ్ చిత్తుప్రతిని వాటితో రాయించి, అందులో ఎక్కడ పొరపాటు ఉందో తాను పట్టుకోవడం ఆమె ఈ ఉద్యోగంలోనే అభ్యాసం చేయవచ్చు.

మీతో కొంచెం కటువుగా మాట్లాడవలసి ఉంది, పెద్దమనసుతో వినండి. బావమరిది కొడుకు ఏం చదువుతున్నాడో రాశారు, ఫీజెంతో రాశారు, మీ భయమేమిటో రాశారు. నాలుగు నెలలుగా ఆ పని చేస్తున్న అమ్మాయి అభిప్రాయం మాత్రం 'అంత ఇష్టం లేదు' అన్న ఒక్క ముక్కలో ముగించారు. ఎందుకు ఇష్టం లేదని ఆమెను కూర్చోబెట్టి అడిగారా? ఆఫీసులో ఆ రోజు ఏం చేసిందో ఒక్కసారైనా విన్నారా? సొంతంగా ఉద్యోగం తెచ్చుకున్న ఇరవై రెండేళ్ల అమ్మాయిని ఇంటర్ కాలేజీ మార్చినట్లు మార్చాలనుకోవడం తగదు. ఆ కుర్రాడు కోర్సులో చేరాడే కానీ ఇంకా ఉద్యోగంలో చేరలేదు. మీ అమ్మాయి చేరింది. శుభకార్యాల్లో నలుగురూ అడిగినప్పుడు చెప్పుకోవడానికి ఘనంగా ఉండాలన్న కోరికతో ఆమె చేతిలో ఉన్నదాన్ని తీసేయకండి. బంగారం తాకట్టు పెట్టి ఆ ఫీజు కట్టే ఆలోచన ఉంటే అసలే వద్దు.

అమ్మాయికి నేను చెప్పదలచినవి కొన్ని ఉన్నాయి, ఈ భాగాన్ని ఆమెకు చూపించండి. అమ్మా, నీ టీమ్ లీడర్‌ను అడిగి ఏదో ఒక విభాగం డేటా మార్పిడిని మొదటి నుంచి చివరి దాకా నీ బాధ్యత మీద తీసుకో. ఎస్‌క్యూఎల్, పీహెచ్‌పీ, గిట్ బాగా పట్టుబడేలా చూసుకో. వికలాంగులు వాడుకోదగినట్లు పేజీలను పరీక్షించడం నేర్చుకుంటే నీకు అదనపు విలువ ఉంటుంది. డ్రూపల్ సముదాయంలో ఏ లోపాన్ని సరిదిద్దడంలో సాయపడినా ఆ గుర్తింపు నీ పేరు మీద బహిరంగంగా నమోదవుతుంది. వచ్చే కంపెనీ దాన్ని నేరుగా చూసుకోగలదు, ఏ ఇన్‌స్టిట్యూట్ సర్టిఫికెట్టుకూ ఆ బరువు ఉండదు. ఏడాది గడిచినా అతికించే పని తప్ప మరేదీ ఇవ్వకపోతే, అప్పుడు వేరే కంపెనీ చూసుకోవడంలో తప్పేమీ లేదు. ఈ కంపెనీలో ఉంటూనే చూసుకో. బాండ్ పేరుతో ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే మాత్రం ఇవ్వకు.

కోర్సు వాళ్లకు ఇంకా అడ్వాన్సు కట్టకపోతే ఆగిపోండి. కట్టేసి ఉంటే, వాపసు నిబంధన రసీదులో ఏమని ఉందో చూసి, తరగతులు మొదలయ్యేలోగా రాతపూర్వకంగా అడగండి. అమ్మాయికి ప్రాజెక్టులో అప్పగించిన పని వివరాలు తెలుసుకుని మళ్లీ రాయండి, ఈసారి ఆ ఉత్తరం ఆమే రాస్తే ఇంకా మంచిది.