స్లిప్ టెస్టు పెట్టే ముందు

చిరంజీవి మేనకోడలికి, విజయనగరం నుంచి మావయ్య దీవెనలు.

బొబ్బిలి దగ్గర హైస్కూల్లో లెక్కల టీచరుగా జాయినయ్యావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కడుపు నిండినట్టయింది తల్లీ.

డీఎస్సీకి చదివేటప్పుడు ఎబ్బింగ్‌హాస్, 1885, విస్మృతి వక్రరేఖ అని నిద్రలో లేపినా చెప్పేదానివి. నేర్చుకున్నది రోజులు గడిచేకొద్దీ ఎలా మరిచిపోతామో ఆ జర్మన్ శాస్త్రవేత్త గీసి చూపిన గీత అది. ఇక అది రోజూ నీ కళ్లముందే కనబడుతుంది. సోమవారం అర్థమైందని తలలూపిన పిల్లలే గురువారం అడిగితే నేలచూపులు చూస్తారు. వినలేదని కోప్పడకు. మళ్లీ అదే పాఠం పదిసార్లు చదవమనీ చెప్పకు.

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. కొందరు విద్యార్థులు పాఠాన్ని మళ్లీ చదివారు. కొందరు కాగితం పక్కన పెట్టి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాలకే పరీక్ష పెడితే చదివినవాళ్లది పైచేయి. వారం తర్వాత పెడితే, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లది. మన స్లిప్ టెస్టుకి అంత బలముంది.

రోజూ క్లాసు మొదట్లో ఐదు నిమిషాలు పుస్తకాలు మూయించు. నిన్నటి పాఠంలోంచి రెండు లెక్కలు, పోయిన వారానిది ఒకటి ఇవ్వు. తర్వాత పుస్తకం తెరిచి వాళ్లనే దిద్దుకోమను. మార్కులు మాత్రం పైకి చదవకు.

నేను చదివేవాణ్ని. ఒకరోజు వెనక బెంచీ కుర్రాడికి సున్నా అని చదివాను. అప్పట్నుంచి వాడు టెస్టు రోజున బడికి రావడం మానేశాడు. చాన్నాళ్లకి వాడి కాగితం తీసి చూశాను. 1/2కి 1/3 కలిపి 2/5 అని రాశాడు. నాలుగు లెక్కల్లోనూ పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కలిపేశాడు. ఒక్కచోటే దారి తప్పాడమ్మా. పావుగంట పక్కన కూర్చుంటే సరిపోయేది. నేను కూర్చోలేదు. ఇప్పటికీ ఆ కాగితం గుర్తొస్తే మనసు పిండేసినట్టుంటుంది.

1905లో ప్యారిస్‌లో బినే, సైమన్ తెలివితేటల పరీక్ష తయారుచేసింది కూడా చదువులో సాయం కావలసిన పిల్లలెవరో కనిపెట్టడానికే.

పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు ఇంటరా, పాలిటెక్నిక్కా అని అడుగుతారు. మార్కులు చూసి వెంటనే చెప్పేయకు. ఎవరూ చెప్పకపోయినా గంటలకొద్దీ ఏ పనిలో మునిగిపోతాడో ముందు ఆ పిల్లాణ్ని అడుగు.

సిరిమాను పండక్కి వస్తావు కదా, పిల్లలు రాసిన స్లిప్పులు ఒక కట్ట పట్టుకురా. అరుగు మీద కూర్చుని ఎవరెక్కడ తప్పారో ఇద్దరం చూద్దాం.

మీ మావయ్య